పుంజు చేపతో పందెం

గాలం అనగానే మనకు గుర్తొచ్చేది కాలవ గట్టు. ముల్లుకి ఎర్రను గుచ్చి నీళ్లలో వదిలి, బెండు మునిగేదాకా బీడీ కాలుస్తూ కూర్చోవడం. ఆ వేటలో మనిషి కదలడు, చేపే వస్తుంది. ఇవాళ నేను చెప్పబోయే వేటలో కూర్చోవడం లేదు, బెండు లేదు, నిజమైన ఎర కూడా లేదు. మిట్టమధ్యాహ్నం కాలే ఇసుకలో పరుగుంది. పదిసార్లు పరిగెత్తితే తొమ్మిదిసార్లు వట్టి చేతులే. పదోసారి చేప పడినా, దాన్ని మళ్లీ సముద్రంలోనే వదిలేస్తారు. ఇదేం వేటండీ అని మీరు అడిగితే తప్పు లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ పది పదిహేను నిమిషాలు.

ముందు చోటు చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం కింద నుంచి మెక్సికో దేశానికి చెందిన ఒక సన్నటి నేల దక్షిణంగా సముద్రంలోకి సాగి ఉంటుంది. పొడవు 1200 కిలోమీటర్లకు పైనే. పేరు బాహా కాలిఫోర్నియా. పడమట పసిఫిక్ మహాసముద్రం, తూర్పున కాలిఫోర్నియా సింధుశాఖ. ఈ సింధుశాఖనే కోర్టెజ్ సముద్రం అని కూడా అంటారు. ద్వీపకల్పం కొసన, తూర్పు ఒడ్డున లోస్ బారిలెస్, లా రిబేరా, కాబో పుల్మో, లోస్ ఫ్రైలెస్ అని చిన్న చిన్న ఊళ్లున్నాయి. వెనక ఎడారి కొండలు, బొమ్మజెముడు చెట్లు. ముందు నీలం నీళ్లు. మన దేశంలో భోపాల్, రాంచీల దగ్గరగా పోయే కర్కట రేఖే అక్కడ కాబో పుల్మోకి దాదాపు మీదుగా పోతుంది. అంటే జూన్ నెలలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో మనకు పనుంది.

ఇక చేప. స్పానిష్‌లో దాన్ని పెజ్ గాయో అంటారు, ఇంగ్లీషులో రూస్టర్ ఫిష్. మనం పుంజు చేప అనుకుందాం. పసిఫిక్ మహాసముద్రపు తూర్పు అంచున, దక్షిణ కాలిఫోర్నియా నుంచి పెరూ దాకా తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది ఉండదు. దాని కుటుంబంలో అదొక్కటే జాతి. వెనకటి శాస్త్రజ్ఞులు దీన్ని మన మార్కెట్లో దొరికే పార చేపల కుటుంబంలోనే కలిపారు, తర్వాత వేరు చేశారు. చుట్టరికం మాత్రం ఉంది. వెండి ఒళ్లు, వీపు మీద నుంచి పక్కలకు వంపు తిరిగిన నల్లటి చారలు, వీపున దారాల్లా సాగిన ఏడు పొడవాటి ముళ్లు. మామూలుగా ఆ ఏడూ వీపు మీది గాడిలో పడుకుని ఉంటాయి. ఎరను తరిమేటప్పుడు మాత్రం, పందెం బరిలో పుంజు మెడ ఈకలు రిక్కించినట్టు, ఏడూ ఒక్కసారి లేచి నిలబడతాయి. లోతు లేని చోటైతే ఆ ముళ్లు నీటిని కోసుకుంటూ పైకి కనిపిస్తాయి. వేటగాడికి గుండె జారేది ఆ క్షణంలోనే.

ఈ చేపలో ఇంకో వింత ఉంది. చాలా చేపల ఒంట్లో గాలితిత్తి ఒకటుంటుంది, నీటిలో తేలడానికి పనికొస్తుంది. పుంజు చేపలో ఆ తిత్తి ముందుకు సాగి, పుర్రెలోని కంతల గుండా వెళ్లి లోపలి చెవిని తాకుతుంది. శబ్దాన్ని పెంచి వినిపించే ఏర్పాటన్నమాట. పారిపోయే చిన్న చేపల గుంపు చేసే అలికిడిని అది ఎంత దూరం నుంచి పసిగడుతుందో ఊహించుకోవచ్చు.

పరిమాణం సంగతికొస్తే, ఒడ్డున తిరిగే చేపలు చాలావరకు మూడు నుంచి పది కిలోల లోపు ఉంటాయి. పెద్దవి ఇరవై దాటుతాయి. గాలంతో పట్టిన వాటిలో ప్రపంచ రికార్డు 51.7 కిలోలు, అంటే 114 పౌండ్లు. అది 1960 జూన్ 1న ఈ బాహాలోనే, లా పాజ్ పట్నం దగ్గర పడింది. ఆరు దశాబ్దాలు దాటినా ఆ రికార్డును ఎవరూ కొట్టలేదు.

అంత పెద్ద చేపకు ఒడ్డు దగ్గర పనేమిటి? ఆహారం. మన కవళ్ల వంటి చిన్న చేపలు, ముల్లెట్ చేపలు గుంపులుగా ఒడ్డును అంటిపెట్టుకుని తిరుగుతాయి. అక్కడి ముల్లెట్ మనకు కొత్తదేం కాదు, మన పులికాట్ సరస్సులో దొరికే జాతే అక్కడా ఉంది. లోతుకు పోతే పెద్ద చేప మింగుతుందని అవి ఒడ్డుకు వస్తే, పెద్ద చేప వాటిని ఒడ్డుకే అదిమి తింటుంది. పైగా ఈ తూర్పు తీరంలో ఇసుక చాలాచోట్ల చటుక్కున లోతుకు దిగిపోతుంది. మన మచిలీపట్నం మంగినపూడిలో అయితే నడుంలోతుకు చాలా దూరం నడవాలి. అక్కడ కెరటం విరిగిన చోటు దాటితే చాలు, కింద నేల అందదు. అందుకే పది కిలోల చేప పొడి ఇసుకకు పది అడుగుల దూరంలో కూడా కనిపిస్తుంది. ఒక్కోసారి తరుముతూ తరుముతూ సగం ఒళ్లు ఇసుక మీదికి వచ్చేసి, మళ్లీ వచ్చే కెరటంతో జారుకుంటుంది.

దీన్ని పట్టడానికి తేలిక దారి ఉంది. పాంగా అని అక్కడి నాటు పడవ ఎక్కి, ప్రాణమున్న సార్డీన్ చేపను ముల్లుకి గుచ్చి వదలడం. చేప పడుతుంది, ఫొటో దిగుతారు. మరి కొందరు ఆ దారి వదిలి ఒడ్డునే నిలబడి, ఈకలతో కట్టిన ఉత్తుత్తి చేపతో దీన్ని పట్టాలని ఎందుకు పంతం పడతారు?

ఈకల ఎరను ఫ్లై అంటారు. మొదట్లో ఈగలా కట్టేవారు కాబట్టి ఆ పేరు. చల్లటి ఏరుల్లో ట్రౌట్ చేపల కోసం పుట్టిన విద్య అది. మన దేశంలో కాశ్మీర్‌లో చూస్తాం. ఇందులోని కిటుకు ఇదీ: మామూలు గాలంలో ఎరకో సీసపు గుండుకో బరువుంటుంది, ఆ బరువు పోతూ వెనక దారాన్ని లాక్కుపోతుంది. ఈక ఎరకు బరువు లేదు. విసిరితే రెండు గజాలు కూడా పోదు. అందుకని బరువును దారంలోనే పెట్టారు. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి దారం అది. కర్రతో దాన్ని గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి, దాని బరువుతోనే కర్రను వంచి, ఆ వంపు విడిచిన ఊపులో ముందుకు వదులుతారు. పోయేది దారం, ఎర దాని కొసన ఊరికే వెంట పోతుంది. పుంజు చేపకు వాడే పదో నంబరు దారంలో మొదటి ముప్పై అడుగుల బరువు సుమారు 18 గ్రాములు. సముద్రపు గాలి ఎదురుగా కొడుతుంటే ఆ 18 గ్రాములతో డెబ్బై ఎనభై అడుగులు విసరగలిగినవాడు నేర్పరే. అంతకు మించిన దూరంలో చేప ఉంటే, అది లేనట్టే.

నది ఈగ సముద్రానికి చాలదు కదా. దానికి తగ్గ ఎరను కట్టినవాళ్లలో అమెరికాలోని మేరీలాండ్ మనిషి లెఫ్టీ క్రే ముఖ్యుడు. 1950ల చివర్లో చెసాపీక్ అఖాతంలో చారల బాస్ చేప కోసం కోడి ఈకలు, జింక తోక వెంట్రుకలతో ఆయన కట్టిన ఎర పేరు లెఫ్టీస్ డిసీవర్. నీళ్లలో తడిసి లాగుతుంటే అచ్చం చిన్న చేప ఈదినట్టే ఉంటుంది. 1991లో అమెరికా తపాలా శాఖ దాని బొమ్మతో 29 సెంట్ల స్టాంపు కూడా వేసింది. లెఫ్టీ 2018లో, 93 ఏళ్ల వయసులో పోయాడు. ఇవాళ ప్రపంచంలో ఏ సముద్రపు ఒడ్డున ఈక ఎర విసిరేవాడి డబ్బాలో చూసినా ఆయన కట్టిన ఎరో దాని పిల్లో ఒకటి ఉంటుంది. కోడి ఈకలతో పుంజు చేపను పట్టడం నాకు సరదాగా అనిపించే విషయం.

ఇప్పుడు వేటలోకి వద్దాం. పొద్దున్నే లేచి పోవడం ఇక్కడ అంత ముఖ్యం కాదు. ఎందుకంటే ఇది చూసి పట్టే వేట. నీటి లోపల నల్లటి నీడ కదలడం కళ్లతో చూస్తే గానీ విసరకూడదు. పొద్దు వాలుగా ఉంటే నీటి మీద మెరుపు తప్ప లోపలిదేమీ కనపడదు. ఎండ నడినెత్తిన పడితే నీళ్లు అద్దంలా తేటపడతాయి. ఇందాక కర్కట రేఖ గుర్తుంచుకోమన్నది ఇందుకే. మే నెల నుంచి జులై దాకా అక్కడ పుంజు చేపల కాలం, అప్పుడే సూర్యుడు తలమీదికొచ్చే కాలం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉండి, బోట్లు ఒడ్డున లంగరు వేసుకున్న రోజుల్లోనే అక్కడ ఈ సందడి.

చూడడానికి పోలరాయిడ్ కళ్లద్దాలు కావాలి. ఇది షోకు కాదు. నీటి మీద పడి మన కంటికి తిరిగొచ్చే వెలుగు చాలావరకు అడ్డంగా కంపించేది. ఈ అద్దాలు ఆ అడ్డం వెలుగును ఆపేసి, నీటి లోపలి నుంచి వచ్చే వెలుగును రానిస్తాయి. నన్నడిగితే వేల రూపాయల కర్ర కన్నా ఈ అద్దాలే ముఖ్యం. కర్ర లేనివాడు కనీసం చేపను చూస్తాడు. అద్దాలు లేనివాడు రోజంతా ఖాళీ నీళ్ల మీద విసురుతాడు.

నాలుగు చక్రాల మోటారు బండి మీద ఇసుకలో నెమ్మదిగా పోతూ, ఎత్తైన చోట ఆగి నీళ్లను పరికిస్తారు. మన పల్లెకారులు అలివి వల వేసే ముందు గట్టున నిలబడి నీటి రంగు చూసినట్టే అక్కడి గైడ్లూ చూస్తారు. చాలామంది ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు, వేటలో బతికిన కుటుంబాల వాళ్లు. డబ్బు పెట్టి వచ్చినవాడికి మెరుపు కనిపించే చోట వాళ్లకు చేప కనిపిస్తుంది. గాయో అని ఒక్క కేక. అంతే, బండి దిగి పరుగు.

చేప ఒడ్డు వెంబడే పోతుంటుంది, మనిషి నడక కన్నా వేగంగా. దాని వెనక నుంచి విసిరితే లాభం లేదు. దాన్ని దాటి ముందుకు పరిగెత్తాలి, ఆగాలి, రొప్పుతూనే దారాన్ని గాలిలోకి లేపాలి, చేప రాబోయే దారిలో ఎరను దించాలి. నడుముకు ఒక ప్లాస్టిక్ బుట్ట కట్టుకుంటారు, వదులు దారమంతా అందులో. అది లేకపోతే మొదటి కెరటమే దారాన్ని కాళ్లకు చుడుతుంది. ఈ పరుగు మీద రన్నింగ్ డౌన్ ద మ్యాన్ అని అమెరికన్ కుర్రాళ్లు ఒక డాక్యుమెంటరీ తీశారు. ఈ తీరం పేరు ఫ్లై వేటగాళ్లలో మోగిపోవడానికి ఆ చిన్న సినిమా ఒక కారణం.

ఎర నీళ్లలో పడ్డాక మరో తంటా. పుంజు చేపకు మెల్లగా పోయే ఎర మీద అనుమానం. ప్రాణభయంతో పారిపోయే చేప ఎక్కడా ఆగదు కదా. అందుకని కర్రను చంకలో ఇరికించి రెండు చేతులతో దారాన్ని వీలైనంత వేగంగా లాగాలి. చేప వెంటపడుతుంది. ముళ్లు లేస్తాయి. నోరు తెరిచి ఎర పక్కకి వస్తుంది. వచ్చి, ఒక్క జానెడు దూరంలో, పక్కకు తిరిగి వెళ్లిపోతుంది. ఎక్కువసార్లు జరిగేది ఇదే. మనిషి చేతుల వేగానికి ఒక హద్దుంది, దాని వేగానికి లేదు. అందుకే కొందరు జంటగా వేటాడతారు: ఒకడు ముల్లు లేని చెక్క ఎరను మామూలు గాలంతో దూరంగా విసిరి వేగంగా లాక్కొస్తాడు, దాని వెంట ఆవేశంగా వచ్చిన చేప ముందు రెండోవాడు ఈక ఎర వేస్తాడు. ఇది మోసమని నిష్ఠాపరులు మూతి విరుస్తారు. ఈకలతో చేపను మోసం చేయడం తప్పు కానప్పుడు చెక్కతో మోసం చేయడం తప్పెలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

కరిచినప్పుడు చేసే పెద్ద పొరపాటు కర్ర పైకెత్తడం. ఏటి వేటకు అలవాటు పడ్డ చేయి దానంతటదే లేస్తుంది, ముల్లు జారిపోతుంది. సముద్రంలో కర్రను నీటి వైపే ఉంచి, దారాన్నే బలంగా వెనక్కి లాగాలి. ముల్లు దిగిందా, ఇక బుట్టలోని దారం సర్రున లేచిపోతుంది. అందులో ఒక్క చిక్కుంటే అక్కడితో కథ ముగిసినట్టే. దారం రీలు దాకా చేరితే మిగిలింది బలాబలాలు. లావు దారం అయిపోయాక దాని వెనక రెండు మూడు వందల మీటర్ల సన్న దారం ఉంటుంది, చేప అందులో వంద మీటర్లు ఒక్క ఊపులో తీసుకుపోగలదు. మనిషి ఇసుకలో దాని వెంట నడుస్తాడు, చుట్టుకుంటాడు, మళ్లీ ఇస్తాడు. పడవైతే చేప వెంట పోవచ్చు. ఒడ్డు కదలదు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. సన్న దారంతో పెద్ద చేపను పట్టడం గొప్ప అనే వెర్రి ఈ ఆటలో ఉంది. అంతర్జాతీయ గాలం వేట సంఘం 1939లో న్యూయార్క్‌లో పుట్టింది. ఫ్లై రికార్డులకు ఆ సంఘం ఒప్పుకునే దారం కొసభాగపు బలం గరిష్ఠం 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు. అక్కడి నుంచి కిందికి రెండు పౌండ్ల దాకా తరగతులున్నాయి. దారం ఎంత సన్నమైతే పోరాటం అంత పొడుగు. పోరాటం పొడుగైతే చేప ఒంట్లో అలసట విషంలా పేరుకుంటుంది. అలా వదిలిన చేప ఈదుకుంటూ వెళ్లినా బతుకుతుందన్న నమ్మకం లేదు. వదిలేసే ఉద్దేశం ఉన్నవాడు గట్టి దారం వాడి, త్వరగా లాగి, తడి చేతులతో తోక పట్టుకుని, నీళ్లలోనే ఉంచి, అది తనంతట తాను తోక ఝాడించేదాకా ఆగి వదలాలి. ఎండలో ఇసుక మీద పడుకోబెట్టి పది ఫొటోలు తీసి ఆ తర్వాత దయగా వదిలేయడం దయ కాదు.

అసలు ఎందుకు వదలాలి? పుంజు చేప రుచికి పేరున్న చేప కాదు, ముదురు రంగు మాంసం. ఇంకో కారణం మెక్సికో చట్టం. తీరం నుంచి 50 నాటికల్ మైళ్ల లోపల, అంటే సుమారు 93 కిలోమీటర్ల దాకా, మార్లిన్, సెయిల్ ఫిష్, కత్తి చేప, డొరాడో, పుంజు చేప వంటి కొన్ని జాతులను వ్యాపారం కోసం పట్టకూడదు. సరదా వేటకే కేటాయించారు. వినగానే మన ప్రాంతం వాళ్లకు ఒళ్లు మండుతుంది. ఆకలితో వల వేసేవాడికి లేని హక్కు విమానమెక్కి వచ్చినవాడికా? ఆ కోపం అన్యాయమైంది కాదు. కానీ లెక్క ఇంకో వైపు నుంచి చూడాలి. ఒక పుంజు చేపను సంతలో అమ్మితే వచ్చేది ఒక్కసారి వచ్చే కొద్ది డబ్బు. అదే చేప ప్రాణంతో తిరుగుతుంటే గైడుకి కూలి, బండికి అద్దె, ఊళ్లో గదికి, భోజనానికి బేరం, అదీ ఏటేటా. షరతు ఒక్కటే: ఆ డబ్బు ఆ ఊరివాళ్ల చేతికే రావాలి. రాకపోతే వల వేసేవాడి కోపమే నెగ్గాలి.

చేపను కాపాడిన మేలు ఊరివాళ్లకే వచ్చిన చోటు ఒకటుంది, కాబో పుల్మో. అక్కడ తీరానికి దగ్గర్లో పగడపు దిబ్బ ఉంది. అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్, జీవశాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్స్ 1940లో వెస్టర్న్ ఫ్లయర్ అనే పడవలో ఈ సముద్రమంతా తిరిగినప్పుడు అక్కడ ఆగారు. తర్వాతి దశాబ్దాల్లో విపరీతమైన వేటతో చేపలు తరిగిపోయాయి. అక్కడి బెస్త కుటుంబాలే పూనుకున్నాయి. 1995లో ప్రభుత్వం 7,111 హెక్టార్లను జాతీయ పార్కుగా ప్రకటించింది. చట్టం కొంత భాగంలోనే వేటను నిషేధిస్తే, ఊరివాళ్లు తమంతట తాము మిగతా చోట కూడా మానుకున్నారు. 2011లో వెలువడిన అధ్యయనం ప్రకారం 1999 నుంచి 2009 మధ్య అక్కడి చేపల మొత్తం బరువు 463 శాతం పెరిగింది. ఆ తర్వాత పార్కు పక్కనే వేల గదుల విహార నగరం కడతామని ఒక కంపెనీ వచ్చింది. ఊరు ఊరంతా ఎదురు నిలిచింది, దేశదేశాల నుంచి గొంతులు కలిశాయి, 2012 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ ఆ పథకాన్ని రద్దు చేశాడు. పార్కులో చేప పెరిగితే ఆ మేలు గీత దగ్గర ఆగదు. చుట్టుపక్కల ఒడ్డున ఈకలు విసిరేవాడి అదృష్టానికి కూడా వేర్లు అక్కడే ఉన్నాయి.

ఇక చివరగా, కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగు పిల్లలకు, వాళ్లను చూడడానికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక మాట. శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్‌ల నుంచి లోస్ కాబోస్ విమానాశ్రయం రెండు మూడు గంటల దూరం. అక్కడి నుంచి ఈ ఊళ్లకు కారులో వెళ్లొచ్చు. మెక్సికోలో పడవ మీద గాలం వేయాలంటే లైసెన్స్ కావాలి, ఒడ్డు మీద నిలబడి వేసేవాడికి అక్కర్లేదు. జూన్ నెల మంచిది. నీళ్లలోకి దిగితే అడుగులు ఎత్తి వేయకండి, ఇసుకను రాసుకుంటూ జరపండి. ఇసుకలో దాక్కున్న టేకు చేపలు తప్పుకుంటాయి, లేకపోతే తోక ముల్లు దింపుతాయి. టోపీ, మంచినీళ్లు దగ్గర ఉంచుకోండి. కర్ర పట్టడం రాకపోయినా ఫరవాలేదు, పది గంటల తర్వాత ఎత్తైన చోట నిలబడి ఒడ్డు వెంట నీళ్లను చూడండి. పోలరాయిడ్ కళ్లద్దాలు మాత్రం మర్చిపోకండి.